పదహారు బైట్ల పేరు

లినక్స్ మెషీన్‌కి కొత్త హార్డ్ డిస్క్ తగిలిస్తే ముందు దానికొక తాత్కాలికమైన పేరు వస్తుంది. మొదట కనబడినది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ. రేపు రీబూట్ చేసినప్పుడు వరస మారితే ఈ పేర్లూ మారిపోవచ్చు. అందుకే ఫార్మాట్ చేసేముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి సైజూ, మోడలూ సరిచూసుకోవాలి. లేకపోతే ఉన్న డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది.

నేనీ డిస్క్ కొన్నది తాతయ్య కోసం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఆయన గొంతు పాత డిస్క్‌లో ఉంది. అదేమో ఈమధ్య టిక్కుటిక్కుమంటోంది.

ఒకటే పార్టిషన్ చేసి, ఈఎక్స్‌టీ4 వేశాను. అట్టపెట్టె మీద 2 టెరాబైట్లని ఉంటే తెర మీద 1.8 అని చూపిస్తుంది. కంపెనీవాళ్ళు వెయ్యితో లెక్కగడతారు, మెషీన్ 1024తో. అందులోంచి మళ్ళీ 5 శాతం రూట్ యూజర్ వాటా. ఫైళ్ళు దాచుకునే డిస్కే కాబట్టి ట్యూన్2ఎఫ్ఎస్‌తో ఆ వాటా సున్నా చేశాను.

ఇక పేరు. లేబుల్ డిస్క్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి ఏ మెషీన్‌కి తగిలించినా వెంట వస్తుంది. కానీ ఈఎక్స్‌టీ4లో దానికి ఇచ్చిన చోటు 16 బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు కావాలి. దీర్ఘాలూ పొల్లులూ కూడా లెక్కలోకే వస్తాయి. “అమ్మ” 12 బైట్లు. “తాతయ్య” 18. పట్టదు, చివరి “య” మధ్యలో తెగిపోతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే సులువుగా పడుతుంది. ఆయన జీవితంలో ఇంగ్లీషులో సంతకం కూడా పెట్టలేదు. మనసొప్పలేదు.

ఫోన్లో అమ్మకి చెప్తే నవ్వింది. “నీకు తాతయ్యేమో గానీ నాకు నాన్నే కదరా. అదే పెట్టు.”

“నాన్న” 15 బైట్లు. సరిపోయింది.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ పేరుతో ఒక లైను రాశాను. చివర్లో నోఫెయిల్ అని చేర్చాను, ఏదో ఒకరోజు ఈ డిస్క్ లేకపోయినా మెషీన్ ఆగిపోకుండా లేవాలి కదా. తర్వాత ఆర్‌సింక్ మొదలుపెట్టాను. మొదటి ఫైల్లో మొదట వినపడేది తాతయ్య దగ్గు, ఆ తర్వాత ఎవరినో కుర్చీ ఇటు జరపమనడం.