సొంత గూడు

మా నాన్నగారు ఖరగపూరు రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి బ్రతుకుతెరువుకై ఉత్తరాంధ్ర విడిచివచ్చిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. నా బాల్యం రైల్వే క్వార్టర్సులో గడిచింది. అప్పట్లో మలంచా వైపు గడ్డి బీళ్ళు, చెరువులు, గట్లమీద తాటిచెట్లు ఉండేవి. వానలు మొదలుకాగానే తాటిమట్టలకు గిజిగాళ్ళ గూళ్ళు వ్రేలాడేవి.

ఆ చిన్నపక్షి నాకు రెండు భాషలలో పరిచయమయింది. ఇంట నాన్నగారు జాషువా ‘గిజిగాడు’ పద్యాలు రాగయుక్తంగా చదివేవారు. పొరుగింటి బెంగాలీ పిల్లలు రజనీకాంత సేన్ (1865–1910) పద్యం వల్లించేవారు. వారి భాషలో ఇది ‘బాబుయి’. మేడలో సుఖంగా ఉన్నానని ఊరపిచ్చుక గొప్పలు పోగా, కష్టమైనా నాది సొంత ఇల్లని బాబుయి బదులు చెబుతుంది. జాషువా దాని పనితనాన్ని మెచ్చితే, సేన్ దాని స్వాతంత్ర్యాన్ని మెచ్చాడు. క్వార్టర్సులో పెరుగుతున్న నేను ఊరపిచ్చుకల పక్షానే ఉన్నానని నాకప్పుడు తోచలేదు.

1930లో బొంబాయి సమీపాన కిహిం గ్రామంలో సలీం అలీ ఈ పక్షుల సంసారాన్ని పరిశీలించాడు. గడ్డి, వరి, తాటి ఆకుల చీలికలతో అల్లిక సాగించేది మగపక్షి. గూడు పూర్తికావడానికి సుమారు 18 దినాలు పడుతుంది. సగం అల్లిక శిరస్త్రాణంలా వ్రేలాడుతుండగా ఆడపక్షులు వచ్చి పరీక్షిస్తాయి. ఒక ఆడపక్షికి నచ్చితేనే మగపక్షి తక్కిన సగం పూర్తిచేస్తుంది. నచ్చని గూడు అలాగే మిగిలిపోతుంది.

ఉద్యోగ విరమణతో క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. నాన్నగారు మలంచాలో కొద్దిపాటి స్థలం కొని గోడలు లేపారు. కప్పు పడకముందే ఆయన మనసు ఊగిసలాడింది. అంతా అమ్మి శ్రీకాకుళం వెళ్ళిపోదామన్నారు. అమ్మ ఒకనాడు వచ్చి గదులన్నీ తిరిగి, గోడలు తట్టి చూసి, “వంటింట్లో వెలుతురు చాలదండీ, తూర్పున కిటికీ పెట్టించండి” అన్నది. మరునాడే మేస్త్రీ వచ్చాడు. ఊరి ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా వీధిచివర మిగిలింది ఒక్క తాటిచెట్టు. నిరుటి వానకాలంలో దానికి ఏడు గూళ్ళు లెక్కపెట్టాను. రెండు సగంలోనే ఆగిపోయాయి. పచ్చిగడ్డి పోచకోసం ఆ పక్షులు చాలాదూరం పోయి వస్తున్నాయి. మా ఇల్లు లేచిన చోట ఒకప్పుడు ఉన్నది ఆ గడ్డే. అమ్మ పెట్టించిన కిటికీలోనుంచి వాటి రాకపోకలు కనబడుతుంటాయి.