ఓడకు గాలి తోడు

మా సంగనకల్లునకు సముద్రము మిక్కిలి దూరము. కొండ యెక్కి నలుదెసలు చూచినను బండరాళ్ల గుట్టలును, నల్లరేగడి చేలును దప్ప మఱేమియు కానరాదు. తుంగభద్ర కాలువను మించిన నీటిని మా పిల్లలలో పెక్కురు చూచి యెఱుగరు. అట్టి యూర నుండి ఓడలను గూర్చి వ్రాయుట వింతగా దోచవచ్చును. దీనికి కారణము నేను చేసిన యొక పొరపాటు.

నిరుడు అర్ధసంవత్సర పరీక్షలో "తెరచాప ఓడల కాలము ఎప్పుడు ముగిసినది?" అని యొక ప్రశ్న యిచ్చితిని. ఆవిరి యంత్రములు వ్యాపించిన పిమ్మట ముగిసినదని నేను ఏండ్ల తరబడి చెప్పుచున్న జవాబు. అందఱును అదే వ్రాసిరి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మాత్రము "ముగియలేదు. ఇప్పటి సరకు ఓడలకు మరల గాలిని వాడుచున్నారు" అని వ్రాసినది. నేను నవ్వుకొని ఎఱ్ఱసిరాతో సున్న చుట్టితిని. రెండు మార్కులు పోయినవి.

జవాబు పత్రములు ఇచ్చిన మఱునాడు ఆమె తండ్రి బడికి వచ్చెను. ఆయన లారీ నడుపువాడు. 2011లో సర్వోన్నత న్యాయస్థానము మా జిల్లా గనుల త్రవ్వకమును నిలుపువఱకు ఇనుప రాతిని కృష్ణపట్నము రేవునకు తోలినవాడు. కోపముతో రాలేదు.

"మార్కులకని రాలేదు సార్. పాప ఏందో ఫోన్లో చూసిందంట, ఓడ మీద పెద్ద స్తంభాలు నిలబెట్టినారని. అది నిజమా, అబద్ధమా? అది చెప్పండి, చాలు."

కొంత తడ వూరకుండి మరల ననెను: "ఇట్లాంటివి తెలుగులో చెప్పేదానికి ఐతాదా సార్? కాదంటే వచ్చే ఏడు ఇంగ్లీషు బడికి మార్చల్లని ఇంట్లో అంటాండారు."

నాకు జవాబు తోచలేదు. ఒక వారము గడువడిగి పంపితిని. ఆ వారము నేను చదివినంతగా శిక్షణ కళాశాలలోనైనను చదివి యుండను.

బాలిక చూచినది నిజమే. అంతే కాదు, ఆ తలంపు క్రొత్తదియు గాదు. జర్మనీ దేశస్థుడగు ఆంటన్ ఫ్లెట్నర్ 1924లోనే 'బకౌ' అను ఓడపై గుడ్డ చాపలకు బదులు సుమారు 15 మీటర్ల యెత్తుగల రెండు లోహపు గొట్టములను నిలిపి, వానిని మోటారుతో గిరగిర త్రిప్పెను. 1926లో ఆ ఓడ అట్లాంటిక్ మహాసముద్రమును దాటి న్యూయార్క్ చేరెను. పిమ్మట నూనె చౌకయై, యంత్రములు మెఱుగుపడుటచే దాని నెవ్వరును పట్టించుకొనలేదు.

తిరుగు గొట్టము ఓడ నెట్లు లాగును? దీనికి మూలమగు సూత్రమును 1852లో మాగ్నస్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించెను. ప్రక్కనుండి వీచు గాలికి అడ్డముగా గొట్టము తిరుగుచుండగా, దాని యొక వైపు ఉపరితలము గాలితో పాటు పోవును. అచ్చట గాలి వడి హెచ్చును, ఒత్తిడి తగ్గును. రెండవ వైపు ఉపరితలము గాలికి ఎదురు పోవును. అచ్చట ఒత్తిడి హెచ్చును. కావున గొట్టము తక్కువ ఒత్తిడి వైపునకు, అనగా గాలి వీచు దిక్కునకు అడ్డముగా, నెట్టబడును. త్రిప్పుటకు కొంత విద్యుత్తు కావలెను. గాలి అనుకూలించినప్పుడు వచ్చు ఫలము దానికి ఎన్నో రెట్లు.

నూనె ధరయు, పొగ భయమును పెరిగిన నేటి కాలమున ఆ గొట్టములు మరల లేచినవి. 'మెర్‌స్క్ పెలికన్' అను నూనె ఓడపై 2018లో 30 మీటర్ల గొట్టములు రెండు నిలిపి, ఒక యేడు నడిపి చూడగా నూటికి 8.2 వంతుల యింధనము మిగిలినది. 2023లో 'పిక్సిస్ ఓషన్' అను ఓడపై విమానపు రెక్కలను పోలిన 37.5 మీటర్ల గట్టి తెరచాపలు రెండింటిని నిలిపిరి. ఆఱు నెలల పరీక్షలో దినమునకు సగటున 3 టన్నుల యింధనము ఆదా యైనది; అనగా దినమునకు 9 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు తగ్గినట్లు.

నన్ను మిక్కిలి ఆకర్షించినది 'సీ జౌషాన్' అను ఓడ. 3,25,000 టన్నుల ఈ ఓడ 2021లో నీటికి వచ్చినది. దానిపై 24 మీటర్ల గొట్టములు ఐదు గలవు. సరకు నెత్తునప్పుడు పండుకొనబెట్టవచ్చును. అది మోయునది ఇనుప రాయి! మా సండూరు కొండల రాయి వంటిదే, బ్రెజిల్ దేశపుది. ఇనుప రాతి ఓడ పైకప్పు చాలవఱకు ఖాళీగా నుండును గనుక గొట్టములకు చోటు దొరకును. పెట్టెల ఓడలకు ఆ సౌకర్యము లేదు.

వారము గడచినది. తరగతిలో నల్లబల్లపై బంగాళాఖాతము పటమును వ్రాసితిని. కృష్ణపట్నము నుండి మలక్కా జలసంధికి పోవు ఓడ దాదాపు ఆగ్నేయముగా సాగవలెను. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గాలి నైరృతి నుండి వీచును. అది ఓడకు కుడి ప్రక్క. చలికాలమున ఈశాన్యము నుండి వీచును. అది ఎడమ ప్రక్క. తిరుగు ప్రయాణమునను అట్లే ప్రక్కగాలియే. (ఓడ వేగముగా పోవునప్పుడు గాలి కొంత ముందునుండి వచ్చునట్లుండును, ఆ లెక్క పై తరగతులకు.) నేను నౌకాశాస్త్రజ్ఞుడను గాను గాని, ఈ దారికి గొట్టపు చాపలు తగునని నా యూహ. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ యున్నది. కోరంగి నావికులు రంగూనునకు పోయినదియు ఈ సముద్రము మీదనే, ఈ గాలులతోనే. తెరచాప, కొయ్య, చుక్కాని, లంగరు అను మాటలన్నియు మన భాషలో సిద్ధముగా నున్నవి. లేనిది నా చదువే.

పిమ్మట దళసరి కాగితమును గొట్టముగా చుట్టి, ఏటవాలు పలకపై దొర్లించి, బల్ల అంచునుండి జారవిడుచుమని ఆ బాలికకే యిచ్చితిని. అది ముందునకు పడక, తిరుగుచు వంపు తీసికొని బల్ల క్రిందికే పోయినది. పిల్లలు కేకలు వేసిరి. మరల మరల చేయించితిరి.

ఆమె తండ్రి వాకిట నిలిచి యంతయు చూచుచుండెను. చివఱకు "ఎదురుగాలి వస్తే, సార్?" అని యడిగెను.

నేను నోరు తెఱచుటకు ముందే బాలిక చెప్పినది: "అప్పుడు ఇంజనే, నాయనా. ఇంజను తీసేయలేదు. గాలి తోడుకు మాత్రమే."

నే నామె పత్రమును తెప్పించి, సున్నను కొట్టివేసి, రెండు అని వేసి, ప్రక్కన సంతకము చేసితిని. వచ్చే యేటి సంగతి ఆయన చెప్పలేదు; నేనును అడుగలేదు.