మెలితేలో మూడు నెలలు



దేవుని కృపను బట్టి కువైట్ నుండి ఇల్లు చేరాము. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మన తెలుగువాళ్ళు ఆ రోజునే ఆరాధనకు కూడుకుంటారు. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు, డ్రైవరు పని చేసే తమ్ముళ్ళు, వారానికి ఒక్క పూట దొరికే ఆ తీరికను ప్రభువుకే ఇస్తున్నారు. వారిని గూర్చి మరొకసారి వ్రాస్తాము. తిరుగు ప్రయాణం ఎందుకంత ఆలస్యమైందని చాలామంది అడిగారు. ఈ వారం దాని సంగతే.

10 గంటల్లో హైదరాబాదులో దిగవలసిన వాళ్ళం 36 గంటలకు దిగాము. మొదట పొగమంచు. విమానం 5 గంటలు ఆలస్యంగా లేచింది. మధ్యలో దిగి మారవలసిన చోట మా రెండో విమానం అప్పటికే వెళ్ళిపోయింది. మరునాటి రాత్రికి సీట్లు ఇచ్చారు. తీరా ఎక్కి కూర్చున్నాక ఏదో మరమ్మతు అన్నారు. 2 గంటలు కూర్చోబెట్టి దించేశారు. మరమ్మతు అయ్యేసరికి పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయి. అలసిన పైలట్ విమానం నడపకూడదని నియమం, అది మన మేలుకే. కానీ కొత్త పైలట్లు వచ్చేదాకా మళ్ళీ నిరీక్షణే. సికింద్రాబాదులో ఎక్కవలసిన గౌతమి రైలు సంగతి ఇక చెప్పనక్కరలేదు.

ఆగడం మన డెల్టా వాళ్ళకు కొత్త కాదు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎంతసేపు నిలబడలేదు? గోదావరికి ఎర్రనీళ్ళు తగిలి పంటు ఆపేస్తే అవతలి గట్టున నరసాపురం కనబడుతూనే ఉంటుంది, మనం మాత్రం ఇవతలే ఉంటాము. 1836లో బౌడెన్ గారు, బీర్ గారు ఇంగ్లండు నుండి ఓడెక్కి మన దేశం వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త సేవ చేశారు. సూయజు కాలువ తెరిచింది 1869లో. కాబట్టి ఆ రోజుల్లో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. నెలల ప్రయాణం. ఇంటి దగ్గర ఎవరైనా కన్నుమూస్తే ఆ కబురు కూడా నెలల తరువాతే అందేది. వాటి ముందు మా 36 గంటలు ఎంత?

మా వరకు అయితే అది నిజమే. కానీ మా పక్కన కూర్చున్న ఒక చెల్లెమ్మకు ఆ గంటలు వేరు.

ఆమెది మన కోనసీమే. ఏడేళ్ళుగా ఇంటిపనిలో ఉంది. తల్లి చనిపోయిందని కబురు వస్తే సేఠు దగ్గర పాస్‌పోర్టు తీసుకుని, కట్టుబట్టలతో బయలుదేరింది. ఊళ్ళో తల్లిని ఫ్రీజర్ పెట్టెలో ఉంచి ఈమె కోసం ఎదురుచూస్తున్నారు. ప్రతి గంటకూ ఫోను. “ఎక్కావా?” “ఇంకా లేదు.” కరెంటు పోయి వస్తోందని అన్నయ్య అన్నాడు. రెండోసారి విమానం దించేశాక ఆమె చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. తరువాత తనే చేసి, “ఇక కానిచ్చేయండి అన్నయ్యా” అంది.

భూస్థాపన వీడియో కాల్‌లో చూసింది. ఫోనులో చార్జింగ్ అయిపోతుంటే కడప జిల్లా నుండి వచ్చిన ఒక ముస్లిం సోదరుడు తన పవర్ బ్యాంకు తెచ్చి పెట్టి, మాట్లాడకుండా పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. పాస్టరమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. “అంతా మేలుకేనమ్మా” అనే మాట మా నోట రాలేదు.

కొంతసేపటికి ఆమే అడిగింది: “అయ్యగారూ, ప్రభువు కూడా లాజరు సమాధికి నాలుగు రోజులు ఆలస్యంగానే వెళ్ళాడు కదా. కానీ ఆయన వెళ్ళి లేపాడు. నేను వెళ్ళి ఏం చెయ్యగలను?”

“ఆయన లేపకముందు ఏడ్చాడమ్మా” అన్నాము. “లేపడం ఆయన పని. ఏడవడం మనకూ ఇచ్చాడు. ఆలస్యంగా వెళ్ళి ఏడ్చినా ఆయన ఏడ్చినట్టే.” అప్పుడు ఆమె ఏడ్చింది. అంతవరకు ఏడవలేదు.

ప్రియులారా, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయాన్ని ఈ వారం ఇంటిల్లిపాదీ చదవండి. పౌలు రోమాకు వెళ్ళడం దేవుని చిత్తమే. అయినా గాలి ఎదురైంది. 14 రాత్రులు ఓడ కొట్టుకుపోయింది. ఓడలో 276 మంది. ఆ సంగతి వ్రాసిన లూకా “వాళ్ళు” అనలేదు, “మేము” అన్నాడు. అందులో ఖైదీలున్నారు, సైనికులున్నారు, నావికులున్నారు. తుపానులో అందరూ కలిసి ఒక్క “మేము” అయ్యారు. ఆ రాత్రి విమానాశ్రయం నేలమీద దుప్పట్లు పంచుకున్న మాకు ఆ మాట బాగా అర్థమైంది.

ఇంకొకటి గమనించండి. ప్రాణాలకు హాని లేదని పౌలుకు మాట దొరికింది. ఓడ దక్కుతుందని మాత్రం దొరకలేదు. ఓడ పోయింది, సరుకు పోయింది. కాబట్టి విశ్వాసికి నష్టమే రాదని మేము బోధించము. ఆ చెల్లెమ్మ నష్టపోయింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

మరి ఆగిపోయిన చోట పౌలు ఏం చేశాడు? తుపానులో రొట్టె పట్టుకుని అందరి ముందు స్తుతి చెల్లించి తిన్నాడు, అది చూసి మిగతా వారూ తిన్నారు. మెలితే ద్వీపంలో వానా చలీ ఉంటే, మంట కోసం పుల్లలు ఏరాడు. అంత గొప్ప బోధకుడు పుల్లలు ఏరాడు! అక్కడ మూడు నెలలు ఆగాడు, ఆ మూడు నెలల్లో రోగులు బాగుపడ్డారు. మేమూ కువైట్ విశ్వాసులు ఇచ్చిన ఖర్జూరం పొట్లం విప్పి, చిన్న ప్రార్థన చేసి, చుట్టూ ఉన్నవారికి పంచాము. ఆమె కూడా రెండు తీసుకుంది. ఆ రోజు ఆమె నోట పెట్టింది అంతే.

మన ఊళ్ళలో గల్ఫుకు వెళ్ళిన బిడ్డ ఉన్న ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. అందుకే ఒక మనవి. అలాంటి ఇంట్లో చావు జరిగితే, “కన్నతల్లికి కూడా రాలేకపోయిందా” అనే మాట మన సంఘంలో ఎవరి నోటా రాకూడదు. ఆమె ఏ విమానాశ్రయంలో నేలమీద కూర్చుని ఉందో మనకు తెలియదు. ఒకరు ఫోను పట్టుకుని ఆమెకు చూపించండి. ఆమె ఊరు చేరిన రోజున, పది రోజులు ఆలస్యమైనా సరే, ఆమెతో పాటు సమాధి దగ్గరకు వెళ్ళండి. పుల్లలు ఏరడమంటే ఇదే.

దారిలో ఉన్న ప్రతి ఒక్కరినీ ప్రభువు క్షేమంగా రేవు చేర్చును గాక. ఆలస్యమైన వారిని ఆయన తానే ఓదార్చును గాక. ఆమేన్.