నాలుగు రబ్బరు బుష్షులు

12 ఫిబ్రవరి 2023, ఆదివారం, ఒంగోలు

కానపీ పార్సిల్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. 700 తరగతి రేడియో కంట్రోల్ హెలికాప్టర్‌కి, అంటే మా హెలికి, సరిపడే ఫైబర్ గ్లాస్ తొడుగు. పైన నిమ్మపండు పసుపు, కింద నల్లటి అడ్డపట్టీలు. రంధ్రాలు వేసి లేవు, నాకు కావలసిందీ అదే. ముందే వేసి పంపిన రంధ్రాలు దాదాపుగా సరిపోతాయి. ఆ దాదాపులోనే చిక్కంతా ఉంది. ఒక మిల్లీమీటరు తేడా వస్తే తొడుగుని ఫ్రేము పక్కన పొడుచుకొచ్చే పిల్లర్ మీదకి లాగి ఎక్కించాలి. అలా ఎక్కించినది ఎగిరినంతసేపూ బిగువులోనే ఉంటుంది, ఆ బిగువంతా రంధ్రం అంచు మీద పడుతుంది. పాత కానపీకి ఎడమవైపు వెనక రంధ్రం నుంచి సన్నటి చీలిక పాకింది అందుకే.

ఈ రోజు ఒక్క రంధ్రమూ వేయలేదు, గుర్తులు పెట్టడంతోనే సరిపోయింది. ముందు బ్యాటరీని దాని చోట పెట్టి పట్టీ బిగించాను. ఖాళీ ఫ్రేము మీద కానపీ ఎలాగైనా కూర్చుంటుంది. బ్యాటరీ, దాని లావుపాటి తీగలు, స్పీడ్ కంట్రోలరు అన్నీ ఉండగా కూర్చుంటేనే లెక్క. తర్వాత తొడుగు లోపల అక్కడక్కడా స్పాంజి ముక్కలు అతికించి, ఫ్రేముకీ తొడుగుకీ మధ్య చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా నిలబెట్టాను. ముక్కు నేరుగా ఉందో లేదో ముందు నుంచీ, పై నుంచీ, టెయిల్ బూమ్ వెంట కన్ను పెట్టీ చూసుకోవాలి. ముక్కు పక్కకి తిరిగి ఉంటే గాల్లో హెలి ఎటు చూస్తోందో కన్ను పొరబడుతుంది.

పిల్లర్ ఎక్కడ తగులుతుందో పట్టుకోవడానికి కొందరు లోపల టార్చి వెలిగించి, బయట నీడ చూసి గుర్తు పెడతారు. తెల్లటి తొడుగుకి బాగానే పనిచేస్తుంది గానీ నల్ల పట్టీల దగ్గర వెలుతురు బయటికి రాదు. అందుకని పూజ గదిలోంచి చిటికెడు కుంకుమ తెచ్చి, నీళ్లతో తడిపి, నాలుగు పిల్లర్ల కొసలకీ అద్దాను. తొడుగు పెట్టి వేలితో మెల్లగా లోపలికి నొక్కితే నాలుగు ఎర్ర చుక్కలు పడ్డాయి. తుడిచి మళ్లీ అద్దాను. మళ్లీ అక్కడే పడ్డాయి. రంధ్రాలు వచ్చే ఆదివారం.

19 ఫిబ్రవరి, ఆదివారం

రాత్రి శివరాత్రి జాగారం చేసి, నిద్రకళ్లతోనే మేనల్లుడు పొద్దున్నే దిగాడు. డిప్లొమా రెండో ఏడు, మెకానికల్. డ్రిల్లింగ్ వాడి చేతే చేయించాను.

ఫైబర్ గ్లాసుకి పెద్ద డ్రిల్లు బిట్టు నేరుగా పెట్టకూడదు. బిట్టు అంచు గుడ్డ పోగుల్ని పట్టి లాగుతుంది, పైన జెల్‌కోటు పెచ్చులుగా లేస్తుంది. రెండువైపులా మాస్కింగ్ టేపు వేసి, 2 మి.మీ. బిట్టుతో దారి చేసి, అక్కడి నుంచి చేతి రీమర్ తిప్పుకుంటూ కొంచెం కొంచెంగా పెద్దది చేయాలి. రంధ్రంలో కూర్చునే రబ్బరు బుష్షు గాడి కొలిస్తే 8 మి.మీ. ఉంది కాబట్టి రంధ్రమూ అంతే. వదులైతే బుష్షు తిరుగుతుంది, బిర్రుగా ఉంటే నలిగి ఆకారం పోతుంది. ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఆ పొడి గాజు, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడి గుడ్డతో తుడుచుకుంటూ చేశాం.

రంధ్రాలయ్యాక వాటి అంచుకి పల్చటి ఫెవిక్విక్ పట్టించాను. రీమర్ కోసిన చోట పోగులు బయటికి తేలి ఉంటాయి, జిగురు వాటిలోకి ఇంకి గట్టిపడుతుంది. లోపలివైపు ప్రతి రంధ్రం చుట్టూ రూపాయి బిళ్లకి రెండింతల మేర గరుకు కాగితంతో రుద్ది, రెండు పొరల ఫైబర్ గుడ్డ అరాల్డైట్‌తో అతికించాను. బరువు పెరుగుతుందేమోనని వాడు సందేహపడ్డాడు. నాలుగింటికీ కలిపి ఎన్నో గ్రాములు ఉండదు. చీలిక ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది కాబట్టి బరువేదో అక్కడే పెట్టాలి.

"ఇంత అవస్థ ఎందుకు మామయ్యా? నాలుగు స్క్రూలు కొట్టేస్తే కదలమన్నా కదలదుగా!" అన్నాడు.

"కదలకపోవడమే ముప్పురా" అని కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఈ హెలి రోటర్ నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 33. బ్లేడ్లు రెండు కాబట్టి సెకనుకి 66 సార్లు ఫ్రేముకి చిన్న కుదుపు. దాని మీద మోటారు, గేర్లు, టెయిల్ రోటర్ ఎవరి వణుకు వాళ్లు కలుపుతారు. మిల్లీమీటరు మందం ఉండీ లేని గాజు తొడుగుని స్క్రూతో దానికి కట్టేస్తే ఆ వణుకంతా తొడుగులోకి పోతుంది. ముందు మోగుతుంది, తర్వాత రంధ్రం దగ్గర చీలుతుంది. మధ్యలో రబ్బరు ఉంటే చాలా వణుకు అక్కడే చచ్చిపోతుంది. పిల్లర్ కొసన గుండ్రటి తల, దాని వెనక సన్నటి మెడ. బుష్షు తల దాటి మెడలో పడితే పట్టు దొరికినట్టే. గట్టిగా పట్టుకోవాలి, మెత్తగా పట్టుకోవాలి. ఈ రెండు పనులూ ఆ చిన్న రబ్బరు ముక్కే చేయాలి.

వాడు ఏమీ అనలేదు గానీ, తర్వాత బుష్షుని వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు చూశాడు.

5 మార్చి, ఆదివారం

కొత్తపట్నం రోడ్డులో కోత అయిపోయిన చేలో ఎగరేశాం. పొద్దున ఎనిమిదిన్నర వరకూ గాలి లేదు. ఆ తర్వాత సముద్రం వైపు నుంచి మొదలైంది.

చీరాల నుంచి వచ్చిన మిత్రుడి హెలి తోక ఊరికే కొట్టుకుంటోందిట. జైరో సెట్టింగులు మార్చాడు, టెయిల్ బేరింగులు మార్చాడు, బెల్టు బిగించాడు. తగ్గలేదు. కానపీ తీసేసి, మనిషెత్తు దాటకుండా, దూరంగా నిలబడి నిశ్చలంగా ఆపి చూడమన్నాను. తోక రాయిలా నిలబడింది. తొడుగు తిప్పి చూస్తే లోపల కింద అంచు దగ్గర, గోరంత మేర, కార్బన్ ఫ్రేము రాసుకున్న నల్లటి గీత.

ఇది తెలియక ఎంతమంది ఎంత డబ్బు పోసుకుంటారో! ఫ్లైబార్ లేని ఇప్పటి హెలీల్లో జైరో సెన్సరు ఫ్రేముకే అతికించి ఉంటుంది. వణుకుతున్న తొడుగు అంచు ఫ్రేముకి తగిలితే ఆ తట్టుడు సెన్సరుకి చేరుతుంది. అది హెలి తిరిగిందేమోనని భ్రమపడి, లేని తిరుగుడిని సరిచేయబోతుంది. అదే తోక కొట్టుకోవడం. ఇందులో జైరో చేసిన తప్పేమీ లేదు.

వైద్యం చవక. నైట్రో ఇంజన్లకి వాడే సిలికాన్ ఇంధనపు గొట్టం ఒక జానెడు తీసుకుని, పొడవునా బ్లేడుతో చీల్చి, తొడుగు అంచుకి తొడిగాం. పిల్లర్ల వెనక పల్చటి వాషరు ఒక్కొక్కటి వేసి కాస్త బయటికి జరిపాం. పిల్లర్లు పొట్టిగా ఉంటే తొడుగు బొజ్జ లోపలికి లాక్కుపోయి ఫ్రేముని తాకుతుంది. పొడవైతే తొడుగు విచ్చుకుని బుష్షులు పక్కకి ఒరుగుతాయి. పిల్లర్ స్క్రూలకి లాక్‌టైట్ పెట్టి బిగించాం. ఇంటికి వెళ్లేముందు మిత్రుడు మళ్లీ ఎగరేసుకున్నాడు. తోక కదల్లేదు.

22 మార్చి, బుధవారం, ఉగాది

పచ్చడి తిని, మధ్యాహ్నం ఊరికే కూర్చుని రంగుల గురించి ఆలోచించాను.

1970ల మొదట్లో జర్మనీలో డీటర్ ష్లూటర్ అమ్మకానికి తెచ్చిన తొలి కిట్లలో బెల్ హ్యూయ్‌కోబ్రా ఒకటి. నిండు బాడీ, నిజం హెలికాప్టర్ పోలిక. తర్వాత ఎగిరే విన్యాసాలు పెరిగిన కొద్దీ బాడీ తగ్గి, ముందు ఒక తొడుగు, వెనక ఉత్త గొట్టం మిగిలాయి. గాలిని చీల్చడం, తీగలకి దుమ్ము తగలకుండా కాయడం దాని పనులే. కానీ నా దృష్టిలో అసలు పని వేరు. వంద మీటర్ల అవతల ఆకాశంలో ఉన్నదాని ముఖం ఎటు ఉందో చెప్పేది అదొక్కటే. అది అర్థం కాని క్షణాన చేతులు తప్పు వైపు కర్ర తోస్తాయి.

ఎరుపు దగ్గర్లో ఎంత అందంగా ఉన్నా దూరం పోగానే నల్లబడుతుంది. మెరిసే పసుపు, నారింజ నిలబడతాయి. పైనా కిందా ఒకే రంగు వేయకూడదు. తలకిందులుగా ఎగరేసేటప్పుడు ఆ తేడాయే ఆధారం. ఈ కారణం వల్లే కానపీని సోకు అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

2 ఏప్రిల్, ఆదివారం

కళ్లముందే జరిగింది. పక్క జిల్లా నుంచి వచ్చినాయన హెలి తోక ముందుకి పెట్టి వేగంగా వెనక్కి పోతోంది. ఉన్నట్టుండి కానపీ ఒకవైపు లేచి, గిర్రున తిరిగి పైకి పోయింది. రోటర్‌కి తగిలిన శబ్దం చేను అవతలి దాకా వినిపించింది. మనుషులెవరూ దగ్గర లేరు, అదే అదృష్టం. పసుపు ముక్కలు దుక్కిలో చాలా దూరం ఏరుకున్నాం. కుడివైపు వెనక పిల్లర్‌కి గీత కూడా పడలేదు. బుష్షు మెడ దాకా పోకుండా తల మీదే ఆగి ఉండాలి, అంతే.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ముందుకి పోయేటప్పుడు గాలి తొడుగుని ఫ్రేము మీదకి నొక్కుతుంది. వెనక్కి పోయేటప్పుడు వెనకున్న తెరుపులోంచి లోపలికి దూరి ఊడదీయాలని చూస్తుంది. గంటకి 80 కి.మీ. వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 300 న్యూటన్లు. తెరుపు 20 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు అనుకుంటే తొడుగు మీద 9 న్యూటన్లు, అంటే దాదాపు కిలో బరువు లాగినట్టు. నాలుగు బుష్షులు పంచుకుంటే ఏమీ కాదు. ఒకటి పట్టు వదిలితే బరువు ఒకవైపే పడుతుంది, మిగతావి వరసగా జారతాయి. పైన 1.58 మీటర్ల రోటర్, దాని బ్లేడు కొస వేగం గంటకి 600 కి.మీ.కి దగ్గర.

2013 మే 24న లండన్ హీత్రోలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎయిర్‌బస్ ఎ319 ఒకటి ఓస్లోకి లేస్తూండగా రెండు ఇంజన్ల ఫ్యాన్ కౌల్ తలుపులూ ఊడిపోయాయి. రాత్రి మరమ్మతు తర్వాత వాటి గడియలు వేయలేదని దర్యాప్తులో తేలింది. ఒక ఇంజన్ ఆపేసి వెనక్కి తెచ్చి దించారు, ప్రాణాలు దక్కాయి. అంత పెద్ద విమానానికైనా, మా చేలో ఎగిరేదానికైనా బలహీనమైన చోటు ఒకటే: మాటిమాటికీ తెరిచి మూసే చోటు. హెలిలో మిగతా ప్రతి స్క్రూకీ ఒకసారి లాక్‌టైట్ పెట్టి బిగిస్తే నెలల తరబడి దాని జోలికి పోం. కానపీని మాత్రం బ్యాటరీ మార్చినప్పుడల్లా తీసి పెడతాం, మాట్లాడుకుంటూ, ఎండకి తొందరపడుతూ.

మేనల్లుడితో చెప్పాను: పెట్టగానే అయిపోయిందనుకోకు, ఒక్కో బుష్షు దగ్గర తొడుగుని రెండు వేళ్లతో బయటికి లాగి చూడు. మెడలో పడినది రాదు. ఆ లాగడం అయ్యాకే ట్రాన్స్‌మిటర్ చేతిలోకి తీసుకోవాలి. "బుష్షు చుట్టూ ఎర్ర రంగు వలయం వేస్తే, మెడలో పడిందో లేదో నిలబడే చూడొచ్చుగా మామయ్యా" అన్నాడు. మంచి ఆలోచన. పిల్లర్ మెడకే ఎర్ర రంగు వేద్దాం, బుష్షు కూర్చుంటే ఎరుపు కనిపించకూడదు.

14 మే, ఆదివారం

ఎండలకి ఎగరేయడం మానేశాం, పనులు చూసుకుంటున్నాం. కారులో వదిలేసిన పాత బుష్షులు రాయిలా గట్టిపడ్డాయి. వంచితే గాడిలో పగుళ్లు. ఇకపైన ప్రతి వేసవి చివర నాలుగూ మార్చేస్తాను. ఎక్కించేటప్పుడు జారడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, వ్యాజలీన్ రాస్తే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

మేనల్లుడు బెల్ 206 బాడీ చేయాలంటున్నాడు, ముందు భాగం అయస్కాంతాలతో పట్టేలా. బయట పిల్లర్లు కనిపించకుండా ఉండాలంటే నిజమే, అదే దారి. కానీ మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది కాబట్టి మోటారుకీ, స్పీడ్ కంట్రోలరుకీ దూరంగా పెట్టాలి. పైగా అయస్కాంతం నేరుగా లాగితే గట్టిదే గానీ పక్కకి జరిపితే తేలిగ్గా జారుతుంది. అందుకని జారకుండా రెండు చెక్క మేకులు, ఊడకుండా అయస్కాంతాలు, వాటికి తోడు కింద కనిపించని చోట ఒక స్క్రూ పెడదామన్నాను. స్క్రూ కింద రబ్బరు వాషరు ఉండాలని ఈసారి వాడే చెప్పాడు.