సెలవు ఎవరికి?

తెలుగులో సెలవు అన్న మాటకు ఉన్నన్ని ముఖాలు మరే మాటకూ లేవేమో. పని మానుకోవడం సెలవు. పెద్దలిచ్చే అనుమతి సెలవు. వెళ్ళొస్తానని చెప్పడమూ సెలవే. పాత నిఘంటువులు తిరగేస్తే ఖర్చు అన్న అర్థం కూడా కనబడుతుంది. కుటుంబమంతా కలిసి విదేశంలో ఒక సముద్రతీరానికి విశ్రాంతిగా వెళ్ళివద్దామని అనుకున్న నాటి నుంచి ఈ అర్థాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి మా మధ్య కూర్చున్నాయి. అన్నిటికన్నా ముందు ఖర్చు వచ్చింది. అన్నిటికన్నా ఆలస్యంగా అనుమతి వచ్చింది.

మేము 11 మందిమి. మా అత్తగారు, మేము నలుగురం, బావగారు, అక్కయ్య, వాళ్ళబ్బాయి, మా ఆడపడుచు, ఆమె భర్త, వాళ్ళ ఏడాదిన్నర పాప. ఇందరికీ ఒక్కసారి వీలు చిక్కేది పిల్లల వేసవి సెలవుల్లోనే. కనుక ఎక్కడికి అన్న ప్రశ్న కన్నా ముందే ఎప్పుడు అన్నది తేలిపోయింది. అలా తేలడమే మంచిదయింది. సాధారణంగా ఎవరో పెట్టిన ఫొటో చూసి ముందు ఊరు నిర్ణయించుకుంటాం. ఫొటోలకు నెలలుండవు. సముద్రానికుంటాయి.

మనకు రోహిణీకార్తె ఎండలు మాడ్చేవేళకే నైరుతి ఋతుపవనం దక్షిణాన కదలడం మొదలుపెడుతుంది. థాయిలాండులో ఫుకెట్, క్రాబీ ఉన్న పడమటి తీరం ఆ గాలికి ఎదురొడ్డి ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ అలలు పెద్దవి. నీళ్ళలోకి దిగవద్దని ఎర్రజెండాలు పాతుతారు. అదే దేశంలో తూర్పువైపున ఉన్న కో సముయ్ దీవికి ఆ నెలల్లో అంత బాధ లేదు. దానికి పెద్దవానలు అక్టోబరు తరవాత. మాల్దీవులకు మే నెల వానకాలపు ఆరంభం. శ్రీలంకలో నైరుతి తీరం తడుస్తున్నప్పుడు తూర్పున పాసికుడా తెరిపిగా ఉంటుంది. బాలికి అది పొడికాలం. భూమధ్యరేఖకు దిగువన ఉన్న మారిషస్‌కు వేసవి వెళ్ళి చల్లని రోజులు వచ్చే సంధికాలం. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళదలచినవారు ఈ లెక్కను తిరగేసుకోవాలి. జనవరిలో ఫుకెట్ నిమ్మళంగా ఉంటుంది, మారిషస్ తుఫానుల రోజుల్లో ఉంటుంది.

ఈ వడపోతలో బాలి, పాసికుడా, మారిషస్ మిగిలాయి. మూడింటిలో మారిషస్ ఎలా నెగ్గిందో చెప్పేముందు వంటగది సంగతి చెప్పాలి.

బావగారు లెక్కలు కట్టడంలో దిట్ట. ఐదు పడకగదుల ఇల్లొకటి అద్దెకు తీసుకుంటే హోటలు గదులకన్నా చాలా చవక అని, వంటగది కూడా ఉంటుంది కనుక మన తిండి మనం తినవచ్చునని కాగితం మీద నిరూపించారు. మగవాళ్ళందరూ తలలూపారు. అక్కయ్య బీన్స్ తరుగుతూ, తల ఎత్తకుండానే, "వంటగది ఉన్న ఇల్లయితే నాకది సెలవు కాదండీ, బదిలీ" అంది. పాతికేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో సెలవుకూ బదిలీకీ తేడా బాగా తెలిసిన మనిషి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ చవకంతా ఎవరి చేతుల మీదుగా వస్తున్నదో బావగారి కాగితంలో ఏ గడిలోనూ లేదు మరి.

విశ్రాంతి ప్రయాణాల్లో ఈ ఒక్క విషయం ముందుగా తేల్చుకోకపోతే తక్కినవన్నీ ఎంత బాగా కుదిరినా వృథా. పదిమంది హాయిగా పడుకోవాలంటే ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. ఇంటి దగ్గర ఆ ఒకరు ఎవరో పరాయి దేశంలోనూ వారే అవుతారు. ఇల్లు మారినంత మాత్రాన ఏళ్ళ తరబడి వచ్చిన అలవాటు మారదు. చివరికి ఉదయం పలహారం, రాత్రి భోజనం హోటలు వారే పెట్టే పద్ధతికి అందరం ఒప్పుకున్నాం. డబ్బు కొంత ఎక్కువే. ఆ ఎక్కువను సర్దడానికి తొమ్మిది రోజులను ఏడు చేసుకున్నాం. మధ్యాహ్నానికి మారిషస్ వీధుల్లో మనవాళ్ళకు ఇబ్బంది లేదు. పప్పు కూరిన పల్చని దాల్ పూరీ అక్కడ అందరూ తినేది. గాతో పిమా అనే పచ్చిమిరపకాయల వడ మన పప్పువడకు చిన్నతమ్ముడు.

ఇక మిగిలింది అనుమతి.

"అమ్మ రాదులే" అని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. కారణమూ అందరికీ తెలుసు. మా అత్తగారిది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన నాటికి ఆవిడకు 19 ఏళ్ళు. నాగాయలంక దగ్గర పుట్టింట్లో ఉన్నారు. ఆ ఉప్పెనలో వేలమంది పోయారు, ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవారిలో ఆవిడ తమ్ముడొకడు. నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ రాత్రి గురించి ఆవిడ నోట పది వాక్యాలకు మించి వినలేదు. "నీళ్ళు ఎదురుగా రాలేదమ్మాయ్, అన్ని వైపుల నుంచీ వచ్చాయి" అన్నది వాటిలో ఒకటి. మాఘపౌర్ణమికి హంసలదీవి వెళ్ళినా వేణుగోపాలస్వామి గుడి దగ్గరే ఆగిపోతారు. సాగరసంగమ స్నానానికి తక్కినవాళ్ళు వెళ్ళి రావలసిందే.

ఆలోచిస్తే, సముద్రపు ఒడ్డున కుర్చీ వేసుకుని పడుకోవడమనే విశ్రాంతి మన తీరానికి ఈమధ్య వచ్చిన ఊహ. మత్స్యకారులకు సముద్రం పొలం. తక్కినవారికి పర్వదినాన దణ్ణం పెట్టి మునిగి వచ్చే తీర్థం. తక్కిన రోజుల్లో తాకకూడదనేవారు పెద్దలు. కృష్ణా జిల్లాలో ఒక తరానికి అది రాత్రివేళ తలుపు తట్టిన నీరు. అటువంటి ఆవిడను సముద్రం దగ్గర విశ్రాంతి తీసుకుందురు రండని పిలవడం ఎలా? పిలవకుండా, ఆవిడ తరఫున మనమే కాదనేయడం మాత్రం ఎలా? రెండోదే నాకు ఎక్కువ అన్యాయంగా తోచింది. ఒకనాటి మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని, "అత్తయ్యా, మీకు రావాలని ఉందా?" అని అడిగాను.

ఆవిడ అవునని గానీ కాదని గానీ అనలేదు. మూడు ప్రశ్నలడిగారు. "మనం పడుకునే చోటికి నీళ్ళు ఎంత దూరం? వెనకాల మెట్ట ఎంత దూరం? పిల్లల చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

అప్పటికి రెండు నెలలుగా ఎన్నో విషయాలు చర్చించుకున్నాం, గదుల్లో చల్లదనం మొదలు పిల్లలకు ఇసుక బొమ్మల దాకా. ఈ మూడూ ఎవరి నోటా రాలేదు. సముద్రతీరానికి పిల్లలను తీసుకువెళ్ళేవారు ఎవరైనా మొట్టమొదట అడగవలసినవి ఈ మూడే. వాటికి జవాబులు వెతికితే మారిషస్ తానే ముందుకొచ్చింది.

మొదటి ప్రశ్నకు జవాబు పగడపు దిబ్బ. ఆ ద్వీపాన్ని ఇంచుమించు చుట్టూ పగడపు దిబ్బలు ఒక ప్రహరీలా కాపు కాస్తాయి. పెద్ద అలలు దూరాన ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీరు చాలాచోట్ల చెరువులా నిలకడగా ఉంటుంది. అయితే ప్రహరీకి గుమ్మాలున్నట్టే దిబ్బకూ సందులుంటాయి. నీరు వెనక్కి తీసేవేళ అక్కడ ప్రవాహం గట్టిగా ఉంటుంది. దక్షిణాన గ్రిగ్రి అనే చోట దిబ్బే లేదు. అక్కడ సముద్రం చూడడానికే, దిగడానికి కాదు. చల్లని నెలల్లో ఆగ్నేయపు గాలి వీస్తుంది కనుక తూర్పుతీరం కన్నా పడమటి తీరం నిమ్మళం. అందుకే పడమటనున్న ఫ్లికాన్‌ఫ్లాక్ వైపు మొగ్గాం. పగడపు ముక్కలూ సముద్రపు ముళ్ళకాయలూ గుచ్చుకోకుండా అందరికీ నీళ్ళలో వేసుకునే జోళ్ళు కొన్నాం.

రెండో ప్రశ్నకు జవాబు ఆ ద్వీపపు పుట్టుకలోనే ఉంది. అది అగ్నిపర్వతాల వల్ల లేచిన నేల. ఎత్తైన శిఖరం 828 మీటర్లు. తీరం నుంచి కారులో గంటలోపే 500 మీటర్లకు పైన ఉన్న క్యూర్‌పిప్ ఊరు చేరవచ్చు. "దివిసీమలో ఎక్కడానికి తాటిచెట్టు తప్ప మెట్టేదీ?" అన్నారు అత్తగారు ఇది విని. ఆ వెంటనే తుఫానుల సంగతి అడిగారు. చిన్ననాడు మచిలీపట్నం రేవు ప్రమాద సూచిక నంబర్లు రేడియోలో విన్న చెవులవి. ఆ ప్రాంతంలో తుఫానుల కాలం నవంబరులో మొదలై ఏప్రిల్‌తో ముగుస్తుంది గానీ, మారిషస్ వరకు మే 15 దాకా లెక్కలోకి తీసుకుంటారు. అక్కడా ఒకటి నుంచి నాలుగు దాకా హెచ్చరిక అంచెలున్నాయి. విమానం టిక్కెట్లు చవకగా ఉన్న మే మొదటివారం అలా కొట్టివేయబడింది. నెలాఖరు వారం నిలిచింది.

మూడో ప్రశ్నకు జవాబు ఏ దేశమూ ఇవ్వదు. అది మేమే ఇచ్చుకోవాలి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదనే అర్థం. అందుకని నీళ్ళ దగ్గర కాపలాకు ఒక పట్టిక రాశాం. ముప్పావు గంటకు ఇద్దరు పెద్దవాళ్ళు. ఆ సేపు వారి చేతిలో ఫోనుండదు, పుస్తకముండదు, పక్కవారితో ముచ్చట్లుండవు. మా చిన్నదీ ఆడపడుచు కూతురూ చేతికి అందే దూరం దాటరాదు. మునిగేవారు సినిమాల్లోలా కేకలు వెయ్యరు; ఊపిరికే దిక్కు లేనప్పుడు గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులే, రక్షణ కాదు. వెనక్కి లాగే నీటిలో చిక్కితే దానికి ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా కొంత దూరం ఈది బయటపడాలని మా పెద్దవాడితోనూ బావగారబ్బాయితోనూ అప్పజెప్పించాం. ఆ పట్టికలో మగవాళ్ళ పేర్లూ ఆడవాళ్ళ పేర్లూ సరిసమానంగా ఉండేటట్టు అక్కయ్య చూసుకుంది. ఒకరు కాపలా ఉన్నారని తెలిసినప్పుడే తక్కినవారికి నిజంగా కళ్ళు మూతపడతాయి.

తక్కినవి కాగితాల పనులు. పిల్లల పాస్‌పోర్టులకు గడువు ఐదేళ్ళే కనుక మా పెద్దవాడిది మళ్ళీ చేయించవలసి వచ్చింది. అత్తగారి ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనక, మరొకదానిలో పొడి అక్షరంగా ఉంది. టిక్కెట్టు మీద మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆవిడ రక్తపోటునూ బావగారి చక్కెరనూ దాచకుండా రాశాం. దాస్తే అవసరానికి ఆ బీమా ఆదుకోకపోవచ్చు. మందులు చేతిసంచిలో, వైద్యుడి చీటీతో సహా.

ఈ సందడిలో అత్తగారికి ఒక్క విషయం మీద ఆసక్తి కలిగింది. అక్కడి తెలుగువాళ్ళు. ఉగాదికి ఆ దేశమంతటా సెలవు అని చెబితే నమ్మలేదు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయనీ, సింహాద్రి అప్పన్నను అక్కడా కొలుస్తారనీ చెప్పాను. 1834లో మొదలై దశాబ్దాల పాటు చెరకు తోటల్లో పనికి ఒప్పందాల మీద ఓడలెక్కి వెళ్ళిన లక్షలమంది భారతీయుల్లో గోదావరి, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్ళిన మనవారూ ఉన్నారు. కోరంగి రేవు పేరే అక్కడ తెలుగువారికి పేరుగా నిలిచింది. ఆ కోరంగిని 1839లో ఉప్పెన ముంచిందని విని ఆవిడ చాలాసేపు ఊరుకున్నారు. తరవాత, "వాళ్ళు దిగిన చోటు ఉందా?" అన్నారు. పోర్ట్ లూయీలో ఉన్న ఆ మెట్ల చోటే ఆప్రవాసీ ఘాట్. 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒక పూట దానికి కేటాయించాం. పట్టికలో ఆవిడ కోరి చేర్పించినది అదొక్కటే.

ఆవిడ పెట్టిన షరతూ ఒక్కటే. తనను నీళ్ళలోకి దిగమని ఎవరూ బతిమాలకూడదు, సరదాకు కూడా చెయ్యి పట్టి లాగకూడదు. పిల్లలందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. అక్కడి తీరాల వెంట సరుగుడు చెట్లుంటాయి. దివిసీమలో ఉప్పెన తరవాత గాలికి అడ్డుగా నాటిన చెట్లే. అక్కడ సముద్రపు ఒడ్డు హోటళ్ళ సొంతం కాదు, అందరిదీ. ఆదివారాల్లో ఊరివాళ్ళు గిన్నెలతో వచ్చి ఆ సరుగుళ్ళ కింద మన వనభోజనాలలాగే కూర్చుంటారు. ఆ నీడ తనకు చాలునన్నారు.

చివరగా గదులు. సముద్రం కనబడే గదికి ధర ఎక్కువ, తోటవైపు గదికి తక్కువ. అత్తగారికి తోటవైపుదే తీసుకుందామని మావారన్నారు, డబ్బు కోసం కాదు, ఆవిడ కోసమే. ఆవిడ వత్తులు చేసుకుంటూ విని, "పైఅంతస్తులో, సముద్రం వైపుదే తీసుకోండి. కనబడుతూ ఉంటే పడుకోగలను. కనబడకపోతేనే నాకు నిద్ర పట్టదు" అన్నారు.