కనబడని పిల్లి, వినబడే మెట్లు

సినిమా సంగీతం అనగానే మనకు పాటలే గుర్తుకు వస్తాయి. ఘంటసాలగారి పాటలు, సాలూరివారి పాటలు, పెండ్యాలవారి పాటలు. పాటకూ పాటకూ నడుమ గంటల తరబడి వాయించిన సంగీతానికి మన మాటల్లో చోటు దొరకదు. మహా అయితే "నేపథ్య సంగీతం బాగుంది" అని ఒక ముక్కతో సరిపెడతాం. అందులోనూ హాస్యచిత్రాలకు, బొమ్మల చిత్రాలకు చేసిన సంగీతమంటే మరీ చిన్నచూపు. పిల్లి జారిపడితే "జుయ్‌య్‌" మనిపించడం కూడా ఒక విద్యేనా అని నాతో వాదించినవారున్నారు. విద్యే అని, అందులోనూ కష్టమైన విద్య అని నాకు తెలియజెప్పినవారు మా నాన్నగారు. ఆయన ఆ చిత్రాలను చూడలేదు. విన్నారు.

మాది ద్రాక్షారామం. నాన్నగారు బడిపంతులు. బడి లేనివేళ గోదావరి జిల్లాల్లో ఎక్కడ పద్యనాటకం వేసినా హార్మోనియం పెట్టె భుజాన వేసుకుని వెళ్ళేవారు. పదవీ విరమణ తరువాత నీటికాసుల జబ్బు ఆయన చూపును అంచుల నుండి కొరుక్కుంటూ వచ్చి, 2005 నాటికి పూర్తిగా తీసుకుపోయింది. భీమేశ్వరాలయం గంటలను బట్టి వేళ తెలుసుకునేవారు. అడుగుల చప్పుడును బట్టి మనిషిని పోల్చేవారు. చూపు పోయినందుకు ఆయన ఏనాడూ వాపోలేదు కానీ ఒక్కదానికి మాత్రం నొచ్చుకునేవారు. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎవరైనా జాలిపడి, "ఇప్పుడు వాడు తలుపు తీశాడు, ఇప్పుడు ఆవిడ ఏడుస్తోంది" అని వివరించబోతే, "చెవిలో చెప్పకురా, నేను వింటున్నాను" అనేవారు. ఆ వివరణతో తాను ప్రేక్షకుడి స్థానం నుండి రోగి స్థానానికి దిగిపోయినట్టు ఆయనకు తోచేది.

ఆ రోజుల్లో మా అబ్బాయికి టామ్ అండ్ జెర్రీ అంటే ప్రాణం. వాడి పక్కన చేరి తాతగారూ నవ్వేవారు. మొదట్లో అది మనవడి నవ్వుకు తోడు నవ్వే అనుకున్నాను. ఒకనాడు వాడికంటే ఆయనే ముందు నవ్వారు. ఏమిటని అడిగితే, "పిల్లి మెట్లెక్కుతోంది కదా, పైమెట్టు దగ్గర స్వరం ఆగింది. ఇక పడాలి" అన్నారు. అన్నట్టే పడింది.

ఆ తరువాత నేనూ కళ్ళు మూసుకుని విన్నాను. మునివేళ్ళ మీద నడిస్తే వయొలిన్ తీగలను కమానుతో కాక వేలితో మీటుతారు. పైకి ఎక్కితే ఆరోహణ, జారితే ట్రాంబోన్ మీద ఒక్క జారుడు. రెప్పలు టపటపలాడితే జైలోఫోన్ మీద రెండు దెబ్బలు. ఆ చిత్రాల్లో మాటలు దాదాపు లేవు. కథంతా వాద్యబృందమే చెబుతుంది. టామ్ అండ్ జెర్రీకి తొలినాళ్ళ నుండి సుమారు రెండు దశాబ్దాల పాటు సంగీతం కూర్చినవాడు స్కాట్ బ్రాడ్లీ. వార్నర్ సంస్థలో బగ్స్ బన్నీ వంటి పాత్రలకు 1936 నుండి 1958 వరకు కార్ల్ స్టాలింగ్ సంగీతమిచ్చాడు. వారానికో చిత్రం లెక్కన వ్రాసిన మనిషి. కుందేలు వెక్కిరింతకు కూడా అక్కడ నిండు వాద్యబృందం కూర్చునేది. బ్రాడ్లీ అయితే ఆనాటి కచేరీ శ్రోతలే భయపడే షోయెన్‌బర్గ్ పన్నెండు స్వరాల పద్ధతిని 1944లో వచ్చిన 'పుటిన్ ఆన్ ది డాగ్' అనే టామ్ అండ్ జెర్రీ చిత్రంలో వాడాడు. సభలో వింటే లేచిపోయే జనం, ఎలుక వెనుక వింటే పకపకా నవ్వారు.

దీని లోపలి లెక్క నాన్నగారికి చదివి వినిపించాను. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. పన్నెండు ఫ్రేములకొక దెబ్బ వేస్తే నిమిషానికి 120 దెబ్బలు. ఎనిమిదింటికొకటి వేస్తే 180. బొమ్మలు గీయకముందే ఏ దెబ్బకు ఏ అడుగు పడాలో కాగితం మీద గీతలు గీసి వ్రాసుకునేవారు. వాయించేటప్పుడు వాద్యకారుల చెవుల్లో ఆ దెబ్బే టిక్కు టిక్కుమంటూ ఉండేది. ఈ టిక్కుల పద్ధతిని తొలుత వాడినవారిలో స్టాలింగ్ ముఖ్యుడు. ఇదంతా విని నాన్నగారు, "తాళం ముందు కట్టి, ఆ తరువాత బొమ్మకు నడక నేర్పారన్నమాట. మనవాళ్ళూ అంతేగా" అన్నారు.

ఆయన 'మనవాళ్ళు' అన్నది తోలుబొమ్మలవారిని. కాకినాడ దగ్గరి మాధవపట్నం ఆ కళకు పేరుపొందిన ఊరు. మా చిన్నతనంలో శివరాత్రి రోజులకు మా ఊరికీ మేళం వచ్చేది. తెల్లని తెర, వెనుక దీపం, తోలు మీద రంగులు. కదిలే బొమ్మల హాస్యం మనకు అమెరికా నుండి దిగుమతి కాలేదు. రామరావణ యుద్ధం మంచి పట్టులో ఉండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి దూకి, కొట్టుకుని, తిట్టుకుని, దొర్లి వెళ్ళిపోయేవారు. ఆ వెర్రిమొర్రి అల్లరికి హార్మోనియం, మద్దెల, తాళాలు, గజ్జెలు తోడుండేవి. బొమ్మలాడించేవారు కాళ్ళ కింద చెక్కపలకలు పెట్టుకుని, దెబ్బ తగిలినప్పుడల్లా వాటిని ధన్‌మని తొక్కేవారు. బంగారక్క చెయ్యి ఎత్తడం కన్నులకు, చెక్క మోత చెవులకు ఒక్క క్షణంలో అందాలి. నాన్నగారు ఒకటి రెండుసార్లు ఆ మేళంతో హార్మోనియం వాయించారట. ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "శోకానికి శ్రుతి ముఖ్యం, నవ్వుకు లయ ముఖ్యం. ఏడుపు ఒక అక్షరకాలం ఆలస్యమైనా ఏడుపే. నవ్వు ఆలస్యమైతే చచ్చిపోతుంది."

మరొక సూత్రం కూడా ఆయనదే. హాస్యగాడు తాను నవ్వకూడదు, వాద్యమూ నవ్వకూడదు. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు విందు ఆరగించే ఘట్టాన్ని ఇందుకు ఉదాహరణగా చెప్పేవారు. లడ్లు వాటంతటవే నోట్లోకి ఎగిరి వెళుతుంటే, మాధవపెద్ది సత్యం గొంతు ఆ భోజనాన్ని ఒక రాజకార్యమంత గంభీరంగా నిర్వహిస్తుంది. ఆ గాంభీర్యం నుండే మనకు నవ్వు పుడుతుంది. ఆ చిత్రానికి కె.వి. రెడ్డిగారి వద్ద సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే తరువాత ఒక్క సంభాషణ కూడా లేని 'పుష్పక విమానం' (1987) తీశారు. ఎల్. వైద్యనాథన్ సంగీతం అక్కడ మాటల లోటును కనబడనీయలేదు. మరో ఇరవై ఏళ్ళకు, 2008లో, అదే సింగీతంవారు ఘటోత్కచుడి బాల్యాన్ని యానిమేషన్ చిత్రంగా తీయడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

2012 జులై 6న 'ఈగ' విడుదలయ్యింది. హత్యకు గురైన నాని ఈగగా పుట్టి పగ తీర్చుకునే కథ. రాజమౌళి దర్శకత్వం, కొవ్వూరులో పుట్టిన కీరవాణిగారి సంగీతం. చిత్రంలో సగానికి పైగా కథానాయకుడు గ్రాఫిక్స్‌లో పుట్టిన జీవి. కనుబొమ్మలు లేవు, పెదవులు లేవు, మాటలు లేవు. నాన్నగారు థియేటరుకు వెళ్ళి అప్పటికి ఎనిమిదేళ్ళు. "ఈ సినిమాకు నేనొస్తాను" అన్నారు. ఇంట్లో అందరం మొహమొహాలు చూసుకున్నాం. మాటలున్న సినిమా అయితే సరే, మాట్లాడని ఈగను ఈయన ఎలా పట్టుకుంటారు? నడుమలో దారి తప్పితే, అంతమంది నవ్వుతూంటే తానొక్కరూ చీకట్లో కూర్చోవలసివస్తే? నా భయం సినిమా గురించి కాదు. ఆయన ఇక దేనికీ రానంటారేమోనని.

రామచంద్రపురం తీసుకువెళ్ళాను. ఒకే ఒక షరతు పెట్టారు, చెవిలో చెప్పకూడదని. చిత్రం తండ్రీకూతుళ్ళ గొంతులతో, నిద్రపోయేముందు చెప్పే కథగా మొదలవుతుంది. అక్కడే ఆయన కుదురుకున్నారు. ఈగ పుట్టిన తరువాత ఆయన చేతివేళ్ళు కుర్చీ చేతి మీద కదలడం మొదలెట్టాయి. తాళం వేస్తున్నారు. సుదీప్‌ను నిద్రపోనీయకుండా ఈగ వేధించే ఘట్టంలో హాలంతటితో పాటు, ఒక్క అక్షరకాలం కూడా ఆలస్యం కాకుండా నవ్వారు. ఆవిరిస్నానం పెట్టెలో తల మాత్రమే బయట పెట్టి సుదీప్ ఇరుక్కున్నచోట నావైపు వంగి, "రొద ఆగిందంటే వాలింది. ఎక్కడ, ముక్కు మీదనా?" అన్నారు. చెప్పవద్దన్న మనిషి తానే అడిగారు కనుక అవునన్నాను.

తిరిగి వస్తూ దారిలో ఆయన చేసిన విమర్శ నేను చదివిన ఏ సమీక్షలోనూ కనబడలేదు. ఈగ చిన్నదని సంగీతాన్ని చిన్నది చేయలేదు, అదే గొప్ప అన్నారు. పీపీలతో, కితకితలు పెట్టే చప్పుళ్ళతో సరిపెట్టివుంటే మనం ఈగను చూసి నవ్వేవాళ్ళం. ఒక వీరుడికి పట్టవలసిన పెద్ద వాద్యబృందాన్నే దానికీ పట్టారు కాబట్టి, ఈగ పక్షాన నిలబడి సుదీప్‌ను చూసి నవ్వాం. "చచ్చినవాడి కోపం అందులో ఉంది. ఆ కోపం వినబడకపోతే ఇదంతా ఈగలు తోలుకోవడమే" అన్నారు. కొన్నిచోట్ల మోత మరీ ఎక్కువై రెక్కల రొద మునిగిపోయిందని, అక్కడ మాత్రం తనకు ఈగ కనబడలేదనీ అన్నారు. 'వినబడలేదు' అనలేదు, 'కనబడలేదు' అన్నారు.

ఆ తరువాత ఆయన నాలుగేళ్ళు బ్రతికారు. ఆ నాలుగేళ్ళలో మరో ఏడెనిమిది సినిమాలకు వచ్చారు, ప్రేక్షకుడిగానే.

ఈ రకం సంగీతాన్ని తప్పుపట్టేవారి వాదన నాకు తెలుసు. తెరమీద కనబడేదాన్నే మళ్ళీ వాయించడం పునరుక్తి అంటారు. దానికి ఇంగ్లీషు విమర్శకులు మిక్కీమౌసింగ్ అని వెక్కిరింపు పేరు కూడా పెట్టారు. గంభీరమైన చిత్రాల్లో ఆ ఆక్షేపణ చాలావరకు న్యాయమే. కళ్ళనీళ్ళు కారుతుంటే వీణ మీద బొట్టు బొట్టుగా వాయించనక్కరలేదు. కానీ వెర్రిహాస్యంలో బొమ్మకు బరువు లేదు, ఎముక లేదు, నొప్పి లేదు. అది నేల మీద పడిందని మనల్ని నమ్మించేది వాద్యమే. మోత లేకుండా పడిన పిల్లి గాలిలో తేలిన కాగితం. కనుక అది పునరుక్తి కాదు, బొమ్మకు పోసిన ప్రాణం.

ఓపికున్న మిత్రులు ఒక పని చేసి చూడండి. మీకు బాగా నచ్చిన కార్టూను చిత్రం ఒకటి పెట్టుకుని, తెరకు వీపు తిప్పి కూర్చోండి. ఎంత కథ అందిందో లెక్క వేసుకోండి. మన తెలుగు చిత్రాల్లో అలా వీపు తిప్పి చూడదగ్గ హాస్యఘట్టాలు మీకేవైనా తోస్తే వ్రాయండి. నా జాబితా ఇంకా చిన్నదిగానే ఉంది.