గీర్య, పూద్

మార్చి 3

జిమ్‌లో కెటిల్‌బెల్ అంటున్న ఆ పిడి ఉన్న ఇనుపగుండుకు రష్యన్‌లో పేరు గీర్య. అంగడి త్రాసులో వేసే తూనికరాయీ గీర్యే, గోడగడియారం గొలుసుకు వేలాడే బరువూ గీర్యే. సోవియట్ కాలపు కోకిల గడియారాల్లో ఆ బరువుల్ని దేవదారు కాయల్లా, పొలుసులతో సహా పోతపోసేవారు. కాయ దిగుతుంటే గడియారం నడుస్తుంది. అడుగుకు చేరేలోగా గొలుసు లాగి మళ్లీ పైకెత్తాలి.

మార్చి 5

మాట పుట్టుక తేలలేదు. పారశీకంలో ‘గిరాన్’ అంటే బరువైనది, దానినుంచే వచ్చిందని కొందరంటారు. నాకూ నమ్మాలనే ఉంది. వోల్గా మీద ఆస్త్రాఖాన్ రేవుకు పారశీక వర్తకులు వచ్చేవారు. సరుకు వెంట తూకం మాటలూ వస్తాయి కదా. గిరాన్‌కూ సంస్కృత ‘గురు’కూ మాత్రం మూలధాతువు ఒకటే. పద్యానికి గురులఘువులు గుర్తించే మనకిది దూరపు చుట్టరికం.

మార్చి 11

పాత రష్యన్ తూకం పూద్ సంగతి తేలికే. లాటిన్ ‘పోండుస్’ ఉత్తరాది జర్మానిక్ భాషల మీదుగా రష్యా చేరింది. 40 ఫూంత్‌లు (రష్యన్ పౌండ్లు) ఒక పూద్, అంటే 16.38 కిలోలు. కలిసి పూద్ ఉప్పు తింటేగానీ మనిషి అర్థం కాడని వాళ్ల సామెత. ఒక ఇంట్లో అంత ఉప్పు ఖర్చు కావాలంటే ఏళ్లు పడుతుంది!

1893 నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తూనికలు, కొలతల సంస్థను నడిపింది ఆవర్తన పట్టిక మెండలీవే. 1899 చట్టంలో, ఇష్టమైనవాళ్లు మెట్రిక్ వాడుకునే వీలొచ్చింది. తూకం నిజంగా ఉండాలని ఓ మహాశాస్త్రవేత్త తన చివరి ఏళ్లు వెచ్చించడం నాకు పట్టికంత గొప్పగా తోస్తుంది.

మార్చి 12

1918లో మెట్రిక్ డిక్రీ. 1920లలో పూద్‌కు చట్టంలో చోటు పోయింది. జనం వదల్లేదు. 1956లో కజకిస్తాన్ గర్వంగా చెప్పుకున్న ధాన్యం లెక్క వంద కోట్ల పూద్‌లు.

మార్చి 20

గీర్యల మీద పోతపోసిన అంకెలు 16, 24, 32. ఒకటి, ఒకటిన్నర, రెండు పూద్‌లన్నమాట, చిల్లర కొట్టేసి. మన తాలింఖానాల్లో సంగిడిరాళ్లు ఎత్తినట్టే అక్కడ సంతల్లో గీర్యలెత్తి బలం చూపేవారు. 1985లో లిపెత్స్క్‌లో తొలి సోవియట్ ఛాంపియన్‌షిప్ జరిగాక అది పూర్తిస్థాయి క్రీడైంది. ఇప్పటి పోటీల్లో పిడికి సుద్దపొడి రాసి, ఒంటిచేత్తో కాళ్ల మధ్యనుంచి ఊపి తలపైకి లేపుతారు. పది నిమిషాలు. కింద పెడితే ఆట అయిపోయినట్టే. చేయి ఒక్కసారే మార్చుకోనిస్తారు.